చిన్నబడి భయాలు

అక్క ఆటో ఎక్కిన రోజున వారిజ ఆఫీసులో మిఠాయి పంచింది.

ఆటో ఎక్కడం కూడా ఒక శుభకార్యమేనా అని బయటివాళ్ళు నవ్వుకోవచ్చు. కానీ సుగుణ చక్రాలున్న బండి ఏదీ ఎక్కక ఏడాది దాటింది. అరకు నుంచి దిగి వస్తుండగా ఘాట్ రోడ్డు మలుపులో బ్రేకులు పట్టని వ్యాను లోయలోకి జారినప్పుడు, ఒళ్ళో పసిపిల్లతో సహా ప్రాణాలతో బయటపడింది సుగుణ. ముందు సీట్లో కూచున్న మొగుడు బయటపడలేదు. ఆ తర్వాత బ్రేకు చప్పుడు వినిపిస్తే చాలు, ఆమె ఒళ్ళు కొయ్యబారిపోయేది. వీధిలో స్కూటరు ఆగినా సరే, పిల్లని గుండెకి కరుచుకుని మంచం కింద దూరేది. వారిజ నేలమీద బోర్లా పడుకుని, "అక్కా, స్కూటరే. పక్కింటాయన కూరలు తెచ్చుకున్నాడు, అంతే. రా అక్కా" అని బతిమాలి బయటికి రప్పించేది. ఆ ఇంట్లో అది అన్నం వండటంలాంటి రోజువారీ పని అయిపోయింది.

అటువంటి మనిషి ఆటో ఎక్కింది. ఎక్కి, "బాబూ, కొంచెం జోరుగా పోనియ్యి" అని కూడా అంది.

మిఠాయి తిన్నవాళ్ళందరికీ ఆ సంతోషంలో వాటా ఉంది. సుగుణని బాగుచేసింది ఆ ఆఫీసే మరి.

విశాఖపట్నం చివర, సముద్రం కనిపించే కొండమీద ఉన్న ఆ ప్రయోగశాల పేరు నిశ్చింత. అక్కడ నెత్తికి తొడిగే ఒక టోపీ ఉంది. మెదడులో లేచే అలల్ని అది పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి తెరమీద రాస్తుంది. ఆకలికి ఒక అక్షరాల వరస, కోపానికి ఒకటి, భయానికి ఒకటి. అల ఉవ్వెత్తున లేస్తే పెద్దబడి అక్షరాలు, అంటే క్యాపిటల్ లెటర్లు పడతాయి. లేచీ లేవనట్టు లేస్తే చిన్నబడి అక్షరాలు. సుగుణ చెవిలో బ్రేకు చప్పుడు వినిపించినప్పుడు తెరనిండా పెద్దబడి అక్షరాలు సంతలో కేకల్లా కిక్కిరిసిపోయాయి. ఆ వరసని గురిచూసి, అది పుట్టే చోటుని చల్లార్చి, అక్షరాల్ని చెరిపేస్తారు. జరిగింది గుర్తుంటుంది. దాని కోర మాత్రం ఊడిపోతుంది.

కొండలమీద ఆసుపత్రుల నుంచి, పల్లెల నుంచి జనం ఇక్కడిదాకా రాలేరు కదా! అందుకని టోపీలు అక్కడికి పంపారు. అక్కడి నర్సులు ఒక వెబ్ పేజీ తెరిచి, రోగి భయం అక్షరాలు కొన్ని టైపు చేసి వెతికి, చూసుకుని, బొత్తాం నొక్కితే ఇక్కడి యంత్రం పని పూర్తిచేస్తుంది. ఆ వెబ్ పేజీ రాసింది వారిజ.

వెతకడానికి ఆమె వాడిన పనిముట్టు పేరు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. పేరు చూసి బెదరనక్కర్లేదు. తప్పిపోయిన మనిషి ఫొటో లేనప్పుడు, "పొడుగ్గా ఉంటాడు, ఎడమకాలు ఈడుస్తాడు, మాటకి ముందు దగ్గుతాడు" అని ఆనవాళ్ళు చెప్తాం చూడండి, అలాంటిదే. అసలు అక్షరాలు కాకుండా వాటి పోలిక రాసిస్తే, ఆ పోలికున్న ప్రతి వరసనీ అది పట్టి తెస్తుంది. భయం పోలికని వారిజ ఒకే ఒక్క వాక్యంలో పట్టింది. పాము భయమైనా, నిప్పు భయమైనా, పరువు భయమైనా లోపల వెన్నెముక ఒకటే. మనిషిని మంచం కిందికి తోసే జబ్బు భయానికీ, మనిషిని బతికించే మామూలు భయానికీ కూడా అక్షరాలు అవే. తేడా అల్లా సైజులోనే. జబ్బు భయం పెద్దబడిలో పడుతుంది, బతుకు భయం చిన్నబడిలో పడుతుంది. అందుకే వారిజ పోలికని పెద్దబడిలోనే రాసిపెట్టింది. అప్పటికి అంతా సవ్యంగానే ఉంది.

ఇక చిక్కంతా నర్సుల ఫోన్లతో మొదలైంది.

"మేడమ్, నానండి, నూకరత్నాన్ని. కొండమీద ఆస్పత్రి నుంచి. మీ పేజీలో ఎంత ఎతికినా ఏటీ కనబళ్ళేదండి."

"క్యాప్స్ లాక్ నొక్కి టైపు చేశారా?"

"నొక్కితే పాస్‌వర్డు తప్పంటందండి. నొక్కపోతే ఇది రాదంటంది. ఇదేటి గొడవండి? అచ్చరం పెద్దదైతే ఏటి, సిన్నదైతే ఏటి? ఏ అంటే ఏ యే కదండీ!"

వారిజకి నవ్వొచ్చింది. మనసులో మాత్రం నూకరత్నం మాటే న్యాయమనుకుంది. తను చదివింది తెలుగు బడిలో. 'అ' ఎక్కడ రాసినా 'అ'యే. వాక్యం మొదట్లో ఉన్నంత మాత్రాన దానికి తలపాగా చుట్టరు. ఇంగ్లీషులో ఊరి పేరు చిన్నబడిలో రాసిందని మాస్టారు ఎర్రసిరాతో సున్నా చుట్టినప్పుడల్లా, ఇదెక్కడి దొరల దర్జా అని ఉడుక్కునేది. ఆ ఉడుకుమోతుతనం పూర్తిగా చల్లారలేదేమో. ఫోన్లు చెవిలో జోరీగల్లా మోగుతూనే ఉంటే, ఒక రోజు మధ్యాహ్నం, టీ తాగుతూ, పోలిక వాక్యం చివరున్న గీతకి అవతల చిన్న 'ఐ' అక్షరం ఒకటి చేర్చింది. పెద్దబడీ చిన్నబడీ తేడా చూడకు అని దానర్థం. వెబ్ రాసేవాళ్ళు రోజుకి పదిసార్లు చేసే పనే అది.

నర్సులు వెతుక్కునే పేజీలోనే ఆ మార్పు చేసి ఊరుకుంటే కథే లేదు. కానీ ఒకే పని రెండుచోట్ల రాయకూడదనేది మంచి ప్రోగ్రామర్ల వృత్తిధర్మం. వారిజ మంచి ప్రోగ్రామరు. అందుకే వెతికే పేజీ, చెరిపే యంత్రం, రెండూ ఒకే ఫైల్లోని ఒకే వాక్యాన్ని వాడుకునేటట్టు ఎప్పుడో అమర్చిపెట్టింది. ఆ సంగతి ఆ మధ్యాహ్నం గుర్తురాలేదు. వెతికి చూసింది, అన్నీ దొరికాయి. ఫోన్లు ఆగిపోయాయి. నెత్తిన పాలు పోసినట్టయింది.

కొత్త మార్పు ఏది వచ్చినా ముందు ప్రయోగశాల వాళ్ళే టోపీ పెట్టుకోవాలనేది అక్కడి ఆనవాయితీ. దాన్ని పెట్టింది డైరెక్టరు డాక్టర్ కాళీప్రసాద్. "వండినవాడు ముద్ద తిన్నాకే పంక్తిలో వడ్డించాలి" అనేవారాయన. నిజానికి గొప్ప నియమమే. అందరూ వరసగా కూచున్నారు. ఎవరి భయం వాళ్ళు తీయించుకున్నారు. డాక్టరుగారికి గుండె ఆపరేషన్ నాటి నుంచీ ఆసుపత్రి మంచం కలలోకి వచ్చేది. యంత్రం చూసుకునే పైడిరాజుకి బల్లులంటే ప్రాణం పోయేది. అందరికీ హాయిగా ఉందన్నారు. వారిజ వంతు వచ్చేసరికి అక్కకి చికిత్స కుదిరింది. ఇంటి దగ్గర ఉండి చూసుకోవాలని సెలవు పెట్టేసింది. తన వంతు అలాగే మిగిలిపోయింది.

మిఠాయి పంచిన వారం ఇంట్లో పండగలాగే గడిచింది. సుగుణ పాటలు పాడుతూ వండుతోంది. కూతురు లల్లికి రెండేళ్ళు నిండాయి. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక తల్లి నవ్వగా చూడటం అదే మొదలు. అది కూడా పొద్దస్తమానం నవ్వుతోంది.

ఒక ఉదయం వంటింట్లో పెద్ద చప్పుడైంది. వారిజ పరిగెత్తింది. ఇడ్లీ పాత్ర నేలమీద దొర్లుతోంది. సుగుణ వేళ్ళు ఎర్రగా కమిలిపోయాయి.

"మసిగుడ్డ ఏదే?" అంది వారిజ, అక్క చేతులు కుళాయి కింద పెడుతూ.

"అక్కడే ఉంది. ఉత్త చేతుల్తో దింపేశాను" అని నవ్వింది సుగుణ. "అబ్బ, మంటే! భలే కాలిందే వారీ!"

పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కానీ మర్నాడు మళ్ళీ అదే చప్పుడు వినిపించింది. బొబ్బలెక్కిన చేతులతోనే, మసిగుడ్డ పక్కనే ఉండగా, మళ్ళీ ఉత్త చేతుల్తోనే దింపింది. నొప్పి తెలుస్తోంది, అయ్యో అంటోంది. నొప్పి వస్తుందేమోనన్న వెనకడుగు మాత్రం లేదు. వారిజ మసిగుడ్డ తీసి అక్క భుజాన వేసింది. అక్క ధ్యాస ఇంకా కుదురుకోలేదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆ ఆదివారం ముగ్గురూ మద్దిలపాలెం వెళ్ళారు లల్లికి చెప్పులు కొందామని. రోడ్డు దాటాలి. వారిజ అటూ ఇటూ చూస్తూ నిలబడింది. సుగుణ నిలబడలేదు. చంకలో పిల్లతో, పెరట్లోకి వెళ్తున్నంత నింపాదిగా రోడ్డుమీదికి నడిచింది. సిటీ బస్సు కీచుమంటూ ఆమెకి జానెడు దూరంలో ఆగింది.

"ఏటమ్మా, సావాలనుందా? సంకలో పిల్లనెట్టుకుని ఏటీ నడక?" డ్రైవరు కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచాడు. అతని గొంతు వణుకుతోంది.

"తప్పే బాబూ, చూసుకోలేదు" అంది సుగుణ మర్యాదగా.

ఏడాదిపాటు ఆమెని మంచం కిందికి తరిమిన బ్రేకు చప్పుడు అదే. అంత దగ్గర్లో అంత గట్టిగా కీచుమన్నా ఆమె రెప్ప కొట్టుకోలేదు. జబ్బు నయమైనందుకు సంతోషించాల్సిన చోట వారిజ ఫుట్‌పాత్ మీదే కూలబడింది.

"ఏమైందే? నీరసమా?" అంది సుగుణ. "చెరుకురసం తాగుతావా?"

మర్నాడు వారిజ ఆఫీసుకెళ్ళి అక్క తెరలు రెండూ తీసింది. చికిత్సకి ముందుదీ, తర్వాతదీ. ముందుదాంట్లో పెద్దబడి అక్షరాల సంత. వాటి మధ్య అక్కడక్కడా చిన్నబడిలో మెత్తగా పడ్డ వరసలున్నాయి. వేడి పాత్ర దగ్గర ఒకటి, మెట్ల అంచున ఒకటి, పిల్ల దగ్గినప్పుడు ఒకటి. ప్రతి మనిషిలో పొద్దున్నుంచి నిద్రపోయేదాకా గొణుగుతూ ఉండేవే అవి. ఎవరూ పట్టించుకోరు.

తర్వాత తెరలో పెద్దబడివి లేవు. చిన్నబడివి కూడా లేవు. ఆకలి ఉంది, ప్రేమ ఉంది, విసుగు ఉంది. భయం పోలికున్న అక్షరం ఒక్కటంటే ఒక్కటి లేదు.

వారిజ ఫైలు తెరిచింది. వాక్యం చివర, గీతకి అవతల, తను టీ తాగుతూ పెట్టిన అక్షరం కనిపించింది. నర్సుల పేజీ నుంచి ఒక దారీ, చెరిపే యంత్రం నుంచి ఒక దారీ వచ్చి ఆ వాక్యం దగ్గరే కలుస్తున్నాయి. ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్నారంటారు. ఆమె నిప్పు పెట్టింది తన ఇంటికే కాదు. టోపీ వెళ్ళిన ప్రతి ఊరికీ పెట్టింది. ముందు ఆ అక్షరాన్ని తీసేసింది. తీసి, పైడిరాజుతో చెప్పి యంత్రాన్ని పూర్తిగా ఆపిద్దామని పరిగెత్తింది.

పైడిరాజు గదిలో లేడు. "రండి వారిజగారూ!" అన్న గొంతు మాత్రం కిటికీ వైపు నుంచి వచ్చింది. అతను కిటికీ గట్టుమీద, కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూచుని, టిఫిన్ బాక్సు ఒళ్ళో పెట్టుకుని పులిహోర తింటున్నాడు. మూడో అంతస్తది. కింద రాళ్ళు.

"పైడిరాజూ... లోపలికి రండి."

"ఇక్కడ గాలి బాగుందండి. రోజూ ఇక్కడే తింటున్నాను. మీరూ కూచోండి, పక్కన చోటుంది."

వారిజ వెళ్ళి అతని చొక్కా కాలరు పట్టుకుంది. నెమ్మదిగా, పసివాణ్ణి ఎత్తినట్టు లోపలికి లాగింది. అతను కాలరు సర్దుకుని, "మీ చేతులేంటండీ, మంచులా ఉన్నాయి?" అన్నాడు జాలిగా.

యంత్రం ఆపమంటే ఆపేశాడు. ఎందుకని కూడా అడగలేదు. అడగకపోయేసరికే ఆమెకి ఎక్కువ భయం వేసింది.

డాక్టర్ కాళీప్రసాద్ తన గదిలో మిరపకాయ బజ్జీలు తింటున్నారు. ఆపరేషన్ అయ్యాక మజ్జిగన్నం తప్ప ముట్టని మనిషి ఆయన. వారిజ నిలబడే అంతా చెప్పింది. తన తప్పని చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. తెలివి ఎక్కడికీ పోలేదు. సగంలోనే ఆయనకి మొత్తం అర్థమైపోయింది.

"అవునమ్మా, నిజమే" అన్నారు. "చిన్నబడివి కూడా పోయుంటాయి. చాలా పెద్ద పొరపాటే."

"వందలమందికి చేశాం సార్."

"ఆఁ, ఉంటారు."

"అందరికీ చెప్పాలి సార్. ఊరూరికీ కబురు పెట్టాలి. ఇంట్లోవాళ్ళని కనిపెట్టుకుని ఉండమనాలి. ఈ క్షణంలోనే."

"చెప్దాం. కంగారెందుకు?" ఆయన ఇంకో బజ్జీ తుంచారు. "ఇంతవరకూ ఒక్కరైనా ఫిర్యాదు చేశారా?"

"చెయ్యరు సార్! ఫిర్యాదు చెయ్యాలంటే ముందు భయం వెయ్యాలి కదా! వాళ్ళకి అదే లేదు. మీకూ లేదు." మాట తూలిందని తెలిసినా ఆగలేకపోయింది. "మీరు గుండె మాత్రలు వేసుకుంటున్నారా సార్?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "మానేసినట్టున్నానమ్మా. వేసుకోవాలని అనిపించలేదు." ఎవరో పరాయివాడి సంగతి చెప్తున్నట్టే చెప్పారు. "నువ్వన్నది ఆసక్తికరంగా ఉంది. నేను ప్రమాదంలో ఉన్నానని నాకు తెలుస్తోంది. తెలిసి కూడా లేచి మాత్ర వేసుకోబుద్ధి కావడం లేదు. చూశావా, తెలియడం వేరు, జంకడం వేరు. దీనిమీద ఒక వ్యాసం రాయొచ్చు."

మామూలు రోజుల్లో ఈయన ముందు వారిజ నోరు విప్పేది కాదు. చిన్న తప్పుకి కూడా బల్ల గుద్ది అరిచేవారాయన. ఇవాళ అరిస్తే బాగుండును అనిపించింది. తిడితే, ఆ తిట్టులో భయం ఉండేది. ఆ భయంలోంచి ఏదో ఒక దారి పుట్టేది. ఈ చల్లని మంచితనంలో ఏ దారీ లేదు.

"పోనీ, చెరిపింది తిరిగి రాయలేమా సార్?"

"రాయడానికి భయం ఎక్కణ్ణుంచి తెస్తావు?" పాఠం చెప్పే గొంతుతో అన్నారాయన. ఆ గొంతు మాత్రం పాతదే. "పెద్ద భయాలు జరిగినవాటి నుంచి వస్తాయి. ఈ చిన్నచిన్నవి అలా రావు. అవి ఏడాదీ రెండేళ్ళ వయసులో నాటుకుంటాయి. పసిపిల్ల కొత్తదేదైనా చూస్తే ముందు ఏం చేస్తుంది? దాని దగ్గరికి పోదు. వెనక్కి తిరిగి తల్లి మొహం చూస్తుంది. తల్లి మొహం జంకితే ఆగుతుంది, నవ్వితే ముందుకెళ్తుంది. నిప్పూ, నీళ్ళూ, ఎత్తూ, లోతూ, అన్నీ ఆ మొహంలోనే చదువుకుంటుంది. పెద్దయ్యాక అలా నేర్చుకునే కిటికీ మూసుకుపోతుందమ్మా. మీ అక్కకి ఇక..."

ఆయన మాట ఇంకా సాగుతూనే ఉంది. వారిజ వినడం ఎక్కడో ఆగిపోయింది. లల్లికి రెండేళ్ళు. పొద్దస్తమానం తల్లి మొహం చూసి నవ్వే లల్లి.

"సార్, నేను ఇంటికెళ్ళాలి."

"వెళ్ళు. అన్నట్టు, నీ వంతు అలాగే మిగిలిపోయింది కదూ?" ఆయన కళ్ళలో నిజంగానే దయ ఉంది. "ఎంత వణికిపోతున్నావో చూడు. ఇంత బాధ నీకెందుకమ్మా? పైడిరాజుతో చెప్తాను, ఒక్క పది నిమిషాలు కూచో. ఇదంతా దిగిపోతుంది."

దాచడం ఎందుకు, ఒక్క లిప్త ఆమెకి కూచోవాలనిపించింది. వందలమంది మొహాలు, అక్క బొబ్బలెక్కిన చేతులు, బస్సు కీచుమన్న చప్పుడు, అన్నీ ఒక్కసారి దిగిపోతాయి. ఆ తర్వాత ఈ విషయం గుర్తున్నా, దాని కోసం పరిగెత్తేవాళ్ళు ఈ కొండమీద ఒక్కరు కూడా మిగలరు. ఆ ఆలోచన రాగానే తలుపు తోసుకుని మెట్లు దిగింది.

దారిలో అక్కకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. నూకరత్నానికి చేసింది. ఆమె ఎత్తగానే ఊపిరి సలపకుండా సంగతంతా చెప్పి, తెలిసిన నర్సులందరికీ కబురు పెట్టమంది.

"ఓలమ్మా!" అంది నూకరత్నం. "మరి నిన్న తేనెకి ఎల్లినోడు సెట్టు మీంచి పడిపోనాడండి. నలబైయేళ్ళుగా ఎక్కినోడు. తాడు కట్టుకోనేదట. మన టోపీ ఎట్టుకున్నోడే." ఆమె గొంతు వణికింది. "నానిప్పుడే ఇల్లిల్లూ తిరుగుతాను మేడమ్." ఆ వణుకు వినగానే వారిజకి ఆ రోజు మొట్టమొదటిసారి కొంచెం ధైర్యం వచ్చింది. ఇంకొక మనిషి భయపడుతోంది, అది చాలు అనుకుంది.

ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురింటి మామ్మగారు వరండాలో చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది.

"మీ అక్కా? పిల్లని తీసుకుని బీచికెళ్ళిందమ్మా. మూణ్ణాలుగు రోజుల్నుంచి సాయంకాలం అక్కడికే కదా! పోన్లే తల్లీ, ఎన్నాళ్ళకి దాని మొహంలో కళ వచ్చింది."

వారిజ పరిగెత్తింది. రెండు వీధులు దాటితే సముద్రం. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. ఇసకలో జనం పల్చగా ఉన్నారు. ఆ పక్క నీళ్ళు లోతనీ, అల వెనక్కి లాగుతుందనీ, అక్కడ దిగవద్దనీ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళందరికీ తెలుసు. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఆ సంగతి చిన్నప్పుడు చెవి మెలిపెట్టి మరీ చెప్పింది వాళ్ళమ్మ. సుగుణ సరిగ్గా అక్కడే, తడి ఇసకమీద బాసింపట్టు వేసుకుని కూచుని ఉంది.

ఆమెకి ముందు, నీళ్ళ అంచున, లల్లి.

అల వచ్చింది. పిల్ల పాదాలు తడిశాయి. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసకని లాక్కుపోయింది. పిల్ల తూలి నిలదొక్కుకుంది. పెదవి ఒక్క క్షణం వంకర పోయింది. అప్పుడు వెనక్కి తిరిగి తల్లి మొహం చూసింది.

సుగుణ నవ్వింది. లోకంలో ఏ తల్లీ అంతకంటే ప్రేమగా నవ్వలేదు.

లల్లి పెదవి సర్దుకుంది. తనూ నవ్వి, ఇంకో అడుగు ముందుకేసింది. ఈసారి మోకాళ్ళదాకా. మళ్ళీ వెనక్కి చూసింది. తల్లి మళ్ళీ నవ్వింది. ఇంకో అడుగు.

"అక్కా! పిల్లని పట్టుకో! అక్కా!"

గాలికి ఆ కేక వెనక్కే కొట్టుకుపోయింది. ఇసకలో పరుగు సాగదు. పెద్ద అల లేస్తోంది. పిల్ల దాని వైపు రెండు చేతులూ చాపింది, ఎత్తుకోమన్నట్టు. వారిజ చెప్పులు ఎక్కడో వదిలేసింది. అల విరిగి పడింది. లల్లి కనపడలేదు. నురగలో గులాబీరంగు గౌను అంచు ఒక్కసారి మెరిసింది. వారిజ నడుము లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ రెండు చేతులతో గుడ్డిగా తడిమింది. చేతికి చిన్న మడమ తగిలింది. పట్టుకుంది. వదల్లేదు. నీళ్ళు లాగాయి, ఆమె ఇంకా గట్టిగా లాగింది.

ఒడ్డున పిల్లని బోర్లా పట్టుకుని వీపు చరిచింది. పిల్ల ఉప్పునీళ్ళు కక్కింది. దగ్గింది. ఊపిరి తీసింది. అప్పటికి వారిజకి తనూ ఊపిరి తీసుకోవాలని గుర్తొచ్చింది.

సుగుణ తీరుబడిగా లేచి, చీరకంటిన ఇసక దులుపుకుంటూ వచ్చింది. "అయ్యో, మునిగిపోయిందా? నేను చూస్తూనే ఉన్నానే" అంది. నిజమే, చూస్తూనే ఉంది.

లల్లి ఏడవలేదు. తడిసిన రెప్పలు ఆర్పుతూ, ఇప్పుడు జరిగినదేమిటో తెలియక, తెలుసుకోవడానికి ఎదురుగా ఉన్న మొహంలోకి చూసింది. ఆ మొహం వారిజది.

మామూలుగా అయితే ఏ పిన్నయినా అప్పుడు మొహం సర్దుకుంటుంది. ఏం లేదమ్మా, ఏం కాలేదు అని నవ్వు తెచ్చుకుంటుంది. వారిజ తెచ్చుకోలేదు. కళ్ళు తుడుచుకోలేదు. వణుకుతున్న పెదవిని పళ్ళతో నొక్కిపట్టలేదు. పిల్ల గడ్డం పట్టుకుని తన మొహానికి మరింత దగ్గరగా తెచ్చుకుంది. చూడవే తల్లీ. బాగా చూడు. ఇదే. నాలో ఉన్నదంతా చూసుకో. చూసి నేర్చుకో.

లల్లి చూసింది. చూస్తూ చూస్తూ ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. కింది పెదవి అదిరింది. తల తిప్పి ఒక్కసారి సముద్రాన్ని చూసింది, మళ్ళీ పిన్నిని చూసింది. వారిజ మెడ రెండు చేతులతో వాటేసుకుని గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని వారిజకి ప్రాణం లేచొచ్చింది. తనూ ఏడుస్తూ, "అంతే అమ్మా, అంతే, ఏడువు" అంటూ పిల్ల వీపు నిమిరింది.

"ఏంటే వారీ ఇది? పిల్లని అలా జడిపించేస్తావా?" అంది సుగుణ.

కోప్పడలేదు. కన్నతల్లి కదా, కూతురు ఏడుస్తుంటే చూడలేకపోయింది, అంతే. చేతులు చాపి, వారిజ వేళ్ళని ఒక్కొక్కటే నెమ్మదిగా విడదీసి, పిల్లని తన ఒళ్ళోకి తీసుకుంది. కొంగుతో మొహం తుడిచింది. బొబ్బలెక్కిన వేళ్ళతో ఆ చిన్న గడ్డాన్ని తనవైపు తిప్పుకుంది.

"పిన్ని మొహం చూడకమ్మా" అంది ముద్దుగా. "ఇటు, అమ్మ మొహం చూడు."

లల్లి చూసింది. చూసి, ఏడుపు మానేసింది.